మొహియుద్దీన్ గారి కోత పరీక్ష

కేబుల్ ఆఫీసులో ఫోనెత్తే ఉద్యోగం చేసినవాళ్ళకి మనుషుల మీద పెద్దగా గౌరవం మిగలదు. నాకు ఇది పదకొండో ఏడు. జాలరిపేటలో ఐసు బళ్ళు తిరిగే మలుపు దగ్గర పదడుగుల గది. రోజూ కంచరపాలెం నుంచి బస్సెక్కి వచ్చి, షట్టర్ ఎత్తి, బటన్ల ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంటాను. టీవీలో బొమ్మ రాకపోతే నాకు ఫోన్ చేస్తారు. కరెంటు పోయినా నాకే చేస్తారు. క్రికెట్‌లో మనవాళ్ళు ఓడిపోతే నాకు చేసి తిట్టినవాళ్ళు కూడా ఉన్నారు. వీళ్ళందరి కంటే రోత రకం ఇంకొకటుంది. ఆడగొంతు వినబడితే చాలు, మాట్లాడకుండా బరువుగా ఊపిరి వదులుతూ మూలుగుతారు. ఆ మూలుగు చెవిలో పడిన రోజు నాకు అన్నం సయించదు. అలాంటి నంబరు మళ్ళీ వస్తే నాలుగు తిట్టి బ్లాక్ చెయ్యమని మా యజమాని మొదటి రోజే చెప్పాడు. ఆ విషయంలో నేను ఎప్పుడూ మొహమాటపడలేదు.

నేను చెప్పబోయేది ఆ యజమాని గురించే. ఆయన పేరు మొహియుద్దీన్. అరవై రెండేళ్ళు. ఇల్లు వన్‌టౌన్‌లో. వాళ్ళ నాన్న ఇంటింటికీ తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడట. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. నా పేరు జ్యోతిర్మయి అయితే ఆయన జ్యోతమ్మా అంటాడు. మంచివాడా అని అడిగితే మంచివాడే. ఆ మంచితనం తలుచుకున్నప్పుడే నాకు ఎక్కువ మండుతుంది.

ముప్పయ్యేళ్ళ కిందట ఊళ్ళోకి కేబుల్ వచ్చినప్పుడు ఏరియాలు పంచుకున్నారు. మేడలున్న ఏరియాలు బలమున్నవాళ్ళకు పోయాయి. జాలరిపేట ఎవరికీ వద్దు. ఉప్పుగాలికి వైర్ల చివర్లు మూడు నెలల్లో తుప్పు పట్టేవి. చేపల వాసనకి లైన్‌మెన్లు పని మానేసేవారు. అలా ఎవరూ వద్దన్న పేట ఈయన నెత్తిన పడింది. నిచ్చెన తనే వేసుకుని, ప్రతి జాయింటుకీ తనే గ్రీజు పూసి, ఇంటింటికీ బొమ్మ పట్టుకెళ్ళాడు. కేబుల్ పోయి సెట్‌టాప్ పెట్టె వచ్చింది, పెట్టెలోకి ఇంటర్నెట్ వచ్చింది, ఇంటర్నెట్‌తోపాటు యాప్‌లు వచ్చాయి. నాలుగు వందల పైచిలుకు ఇళ్ళు ఇప్పటికీ ఆయనవే.

ఇంత చేసినాయన టీవీ చూడడు. ఇంట్లో ఆయన భార్య కరీమున్నీసా చిన్నమ్మ వార్తలు పెట్టినా ఆయన లేచి అవతలి గదిలోకి వెళ్ళిపోతాడట. ఎందుకని ఒకసారి అడిగాను. చూస్తే తనకు ఇష్టాలు పుడతాయట, అప్పుడు తనకిష్టమైనవే జనం నెత్తిన రుద్దుతాడట. ఇది విని నేను మొదట్లో చాలా గొప్పగా అనుకున్నాను.

మరి ఏ ఛానెల్ ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఎలా తెలుస్తుంది? దానికి ఆయన దగ్గరొక పద్ధతి ఉంది. నేను దాన్ని కోత పరీక్ష అంటాను. అనుమానం వచ్చిన ఛానెల్‌ను చెప్పా పెట్టకుండా ఒక సాయంత్రం కోసేస్తాడు. అది కూడా దొంగచాటుగా ఎవరూ చూడని వేళ కాదు, ఆ ఛానెల్‌లో జనం ఎక్కువగా చూసే కార్యక్రమం వచ్చే వేళకే. ఆ పూట ఎంతమంది ఫోన్ చేసి గోల పెడతారో పుస్తకంలో రాస్తాం. గోల వస్తే ఉంచుతాడు. ఎవరూ అడక్కపోతే తీసేస్తాడు.

ఈ పద్ధతి ఆయనకు ఒక తుఫాను నేర్పింది. గాలికి డిష్ పక్కకి తిరిగిపోయి రెండు ఛానెళ్ళు ఆగిపోయాయట. ఒకటి పొద్దస్తమానం ప్రవచనాలు వచ్చే భక్తి ఛానెల్. అది ఆగితే పేటంతా తన మీద పడుతుందని ఈయన భయపడ్డాడు. మూడు రోజులైనా ఒక్కరూ అడగలేదు. రెండోది ఒడియా ఛానెల్. అది ఎవరు చూస్తారులే అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే బోట్ల మీద కూలికి వచ్చిన ఒడియావాళ్ళు పద్దెనిమిది మంది ఈ గది ముందు నిలబడ్డారు. వాళ్ళు తన లైన్‌లో ఉన్నారని కూడా ఆయనకి అప్పటిదాకా తెలియదు. ఆ ఛానెల్‌ను మళ్ళీ ఎప్పుడూ తియ్యలేదు. ఈ కథ ఆయన నాకు కనీసం యాభైసార్లు చెప్పి ఉంటాడు. చెప్పినప్పుడల్లా చివర్లో గర్వంగా గడ్డం నిమురుకునేవాడు. పెద్దవాళ్ళ సిఫార్సులు వద్దు, తన అభిప్రాయం వద్దు, ఎవరికి కావాలో వాళ్ళే అడుగుతారు. వినడానికి ఇంతకంటే న్యాయం ఏముంటుంది?

పోయిన వర్షాకాలంలో మాకు లైన్ ఇచ్చే కంపెనీ నుంచి ఉదయ్‌కుమార్ అనే కుర్రాఫీసరు వచ్చాడు. చొక్కాకి ఇస్త్రీ, చేతిలో ట్యాబు, నోట్లో చూయింగ్ గమ్. కొత్త ప్యాక్‌లో ప్రతి ఇంటికీ అయిదు యాప్‌లు వస్తాయట. నాలుగు కంపెనీవే. అయిదోది మాత్రం ఆపరేటర్ ఇష్టం, కానీ దానికో షరతుంది. అది ఎవరూ పట్టించుకోని మనుషుల కథలు చూపించేదై ఉండాలి. పైన ఢిల్లీలోనో బొంబాయిలోనో ఎవరికో ఈ ఏడాది అలా బుద్ధి పుట్టింది. డైవర్స్ వాయిసెస్, అండర్‌రిప్రజెంటెడ్ వాయిసెస్ అంటూ ఆ అబ్బాయి గమ్ నములుతూనే చెప్పుకుపోయాడు. ఆ మాటలకి అర్థమేమిటని బాబాయ్ అడిగితే, బ్రోషర్‌లో ఉంది సార్ అన్నాడు.

రెండు యాప్‌లలో ఒకటి ఎంచుకోవాలి. ఒకసారి వేలు పెడితే ఏడాదిదాకా మార్చడం కుదరదు. రెండూ రెండు నెలలు ఉచితంగా వస్తాయి, చూసుకుని చెప్పమన్నాడు. మొదటిదాని పేరు తళుకు ప్లస్. పెద్దవాళ్ళది. రెండోదాని పేరు చుట్టిల్లు. శ్రీకాకుళం వైపు పిల్లలు పదిమంది కలిసి పెట్టుకున్నారట. దాన్ని విడిగా కొనుక్కునే వీలు కూడా ఇంకా లేదు. మాలాంటి ఆపరేటర్ పెట్టెలోంచి వస్తేనే వస్తుంది.

తళుకు ప్లస్‌ను నేను ఆఫీసు టీవీలో చూశాను. తెరవగానే వినిపించని గొంతులు అని ఒక వరస. దాని కింద మా జాలరిపేట మీదే ఒక సిరీస్. హీరోయిన్ తెల్లటి పిల్ల. మొహానికీ చేతులకీ ఏదో పూసి నల్లగా చేశారు, మెడ వెనక పుయ్యడం మర్చిపోయారు. చేపల గంపను చంకన పెట్టుకుని సముద్రం ఒడ్డున పరుగెత్తుతూ పాట పాడుతుంది. మా భాష అని చెప్పి వాళ్ళు మాట్లాడేది ఏ జిల్లా భాషో ఆ దేవుడికే తెలియాలి. ప్రతి మాట చివరా అనవసరంగా ఒక ఆయ్ తగిలించారు. మనల్ని పట్టించుకోకపోతే ఒక బాధ. పట్టించుకుని ఇలా చెయ్యడం చూస్తే వెగటు పుడుతుంది.

దాన్ని అసిరమ్మకు కూడా చూపించాను. అసిరమ్మ మా మెట్ల మీద గంప దించి చేపలమ్ముతుంది. నా సాయంత్రం కూర రోజూ ఆవిడ దగ్గరే. రెండు నిమిషాలు చూసి వీధిలోకి ఉమ్మేసి వచ్చింది.

"అది సేపలమ్మేదాయేటి? నా గంపెత్తితే దాని మెడిరిగి సేతిలోకొస్తాది" అంది.

అప్పుడే తనంతట తాను రెండో యాప్ గురించి చెప్పింది. ఆవిడ కొడుకు గురువులు బోటు మీద పోతాడు. పోతే పది పన్నెండు రోజులు రాడు. కోడలు ఈశ్వరికి పుట్టుచెవుడు, మాట రాదు. విజయనగరంలో బధిరుల బడిలో చదువుకుంది, ఇంట్లో కుట్టుమిషను తొక్కుతుంది. పెళ్ళయి ఆరేళ్ళు. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేవు. అన్నం తిన్నావా అని అడగాలంటే ముద్ద నోటికి పెట్టినట్టు చూపించడం, పిలవాలంటే భుజం పట్టి లాగడం, కోపం వస్తే గిన్నె విసిరెయ్యడం. కోడలికి చేతుల భాష చక్కగా వచ్చు. నేర్చుకుందామని అత్తకి ఎప్పుడూ అనిపించలేదు. ఆ విషయం ఆవిడే సిగ్గుపడకుండా చెప్పింది.

ఈ చుట్టిల్లులో ప్రతి శుక్రవారం ఏడింటికి ఒక సీరియల్ వస్తోందట. సముద్రం ఒడ్డున ఒక ఇల్లు, అందులో వాగుడుకాయ అత్త, చెవిటి కోడలు. అత్త మన మాట మాట్లాడుతుంది, కోడలు చేతులతో మాట్లాడుతుంది. కోడలి వేషం కట్టిన అమ్మాయికి నిజంగానే చెవుడట. ప్రతి వారం అత్త రెండు మూడు చేతిమాటలు నేర్చుకుంటుంది, నేర్చుకున్న ప్రతిసారీ తప్పుగా వాడి నవ్వులపాలవుతుంది.

"నాకు మాటలు అర్దమవుతాయి, మా ఈస్సరికి సేతులు అర్దమవుతాయి. ఇద్దరం ఒక్కపాలే నవ్వినాం పాపా. ఆరేళ్ళనుండి ఆ ఇంట్లో ఇద్దరం ఒక్కపాలి నవ్వినది నేదు" అంది అసిరమ్మ.

చెప్పి, చేపల రక్తం అంటిన చేతులతోనే నాకు చేసి చూపించింది. సముద్రం. వాన. ఆకలి. అత్త. అత్తకి ఉన్న గుర్తు చూపిస్తూ పక్కున నవ్వింది. అయిదు వారాల్లో పద్నాలుగు మాటలు వచ్చాయట. తెల్లారి లేచి ఆకలి అని కోడలికి చూపిస్తే, ఆ పిల్ల టీ గ్లాసు కింద పడేసుకుందట.

నేను ఆ రోజే బాబాయ్‌కి ఈ సంగతి చెప్పబోయాను. అసిరమ్మ పేరు ఎత్తానో లేదో ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు సెప్పకమ్మా. నువ్వు సెప్తే అది సిఫార్సయిపోద్ది. ఆవిడికి కావాలంటే ఆవిడే ఫోన్ సేత్తాది కదా" అన్నాడు.

పరీక్ష గురించి ముందుగా ఎవరికీ చెప్పకూడదని ఒట్టు కూడా వేయించుకున్నాడు. నేను ఒట్టుకి కట్టుబడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నిజాయితీ మీద కూడా నాకు ఏవగింపే. అసిరమ్మ చెవిలో ఒక్క ముక్క వేస్తే ఏం మునిగిపోయేది? కానీ ఆవిడ తప్పకుండా ఫోన్ చేస్తుందని నాకు నమ్మకం. ఆవిడ నోరు పేటంతా ఎరుగును. ఒక్క ఫోన్ వచ్చినా ఆలోచిస్తానని బాబాయే అన్నాడు. ఒడియావాళ్ళ రోజుల్లో పద్దెనిమిది మంది వచ్చారు కానీ, ఒకడు వచ్చినా తియ్యనని అప్పుడే అనుకున్నాడట.

గురువారం తళుకు ప్లస్ కోశాం. ఆ రోజు అందులో డాన్సుల పోటీ వస్తుంది. ఏడయ్యేసరికి ఫోన్ మోగడం మొదలు. నలభై మూడు కాల్స్ వచ్చాయి. అందులో సగం మందికి ఏం పోయిందో కూడా తెలియదు. ఒకాయన పావుగంట అరిచాడు. ఏది రావడం లేదండీ అంటే, ఏదో ఒకటి, డబ్బు కట్టినప్పుడు అన్నీ రావాలి కదా అన్నాడు. ఇంకొకామె తను ఆ యాప్ ఎప్పుడూ తెరవలేదట, పక్కింటావిడ రావడం లేదంటే తనకీ రావడం లేదేమోనని చేసిందట. ఒకడు తాగిన మత్తులో మా అమ్మను తిట్టాడు. నలభై మూడింటినీ పుస్తకంలో రాశాను. వినిపించని గొంతుల సిరీస్ రావడం లేదని వాళ్ళలో ఒక్కరూ అనలేదు.

శుక్రవారం ఏడింటికి పది నిమిషాలుండగా ఆఫీసు కంప్యూటర్లో చుట్టిల్లు మీద టిక్కు తీసేశాను. బాబాయ్ నమాజుకి వెళ్ళాడు. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, ఆ సాయంత్రం నేను అసిరమ్మ తిట్ల కోసం ఎదురు చూశాను.

ఏడూ అయిదుకు ఫోన్ మోగింది. ఎత్తాను. హలో అన్నాను. అవతల ఊపిరి. మళ్ళీ హలో అంటే గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. పెట్టేశాను. రెండు నిమిషాలకి మళ్ళీ అదే నంబరు. ఈసారి ఊపిరి ఇంకా వేగంగా ఉంది. మూలుగు సాగి, విరిగి, మళ్ళీ సాగింది. ఏం కావాలి అని అరిచాను. మూలుగే. పెట్టేసి ఫోన్‌ను చీరకొంగుతో తుడిచాను. మూడోసారి మోగినప్పుడు ఇంక ఆగలేదు. పదకొండేళ్ళుగా ఎంతమంది వెధవల మూలుగులు విన్నానో అన్నిటికీ కలిపి తిట్టాను. పుట్టుకను తిట్టాను. నోరు పడిపోవాలని తిట్టాను. ఇంకా అన్నాను, అవి ఇక్కడ రాయలేను. అవతల మూలుగు ఆగలేదు, ఇంకా గట్టిగా వచ్చింది. నంబరు బ్లాక్ చేసి, పుస్తకం అంచున పిచ్చి కాల్ మూడు అని రాశాను.

ఆ తరవాత ఎనిమిదిన్నర దాకా ఫోన్ మోగలేదు.

బాబాయ్ వచ్చి ఎంతమంది అని అడిగాడు. ఎవరూ లేరన్నాను. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"అసిరమ్మ కూడానా?"

ఆ పేరు ఆయనకి గుర్తుంది. అసిరమ్మ కూడా లేదు బాబాయ్ అన్నాను. ఆ క్షణంలో నాకు అసిరమ్మ మీద పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. చేతులు తిప్పి ఎంత కథ చెప్పింది, ఒక్క ఫోన్ చెయ్యడానికి బద్ధకం. అందరూ ఇంతే, ఎదురుగా ఉంటే కబుర్లు చెబుతారు అనుకున్నాను. మరింకేం కాల్స్ రాలేదా అని ఆయన అడిగితే పిచ్చి కాల్స్ మూడు వచ్చాయన్నాను. బ్లాక్ చేశావా అన్నాడు. చేశానన్నాను. మంచిపని అన్నాడు.

శనివారం పది గంటలకు ఉదయ్‌కుమార్ వచ్చాడు. బాబాయ్ ట్యాబు మీద వేలు పెట్టాడు. అయిదో యాప్ తళుకు ప్లస్, పన్నెండు నెలలు. ఆ అబ్బాయి సంచీలోంచి ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఒకటి తీశాడు. అణగారిన గొంతులకు అండగా నిలిచిన ఆపరేటర్ అని బంగారు రంగు అక్షరాలు. ఏ యాప్ ఎంచుకున్నా అదే సర్టిఫికెట్ అట, ముందే అచ్చు వేయించి తెచ్చాడు. దాన్ని బాబాయ్ చేతిలో పెట్టి ఫోటో తీసుకుని, గమ్ కాగితం మా మెట్ల మీద పడేసి వెళ్ళాడు. సర్టిఫికెట్ బల్ల మీద అలాగే ఉండగా అసిరమ్మ వచ్చింది.

గంప లేదు. వెనక ఈశ్వరి ఉంది. సన్నగా, పొడుగ్గా, మెడలో కొలతల టేపు తియ్యడం మర్చిపోయి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నిన్న ఫోనెత్తినది ఎవులు?" అంది అసిరమ్మ.

నేనే అన్నాను.

"నాను నిన్న హార్బరు కాడ సరుకు కోసరం ఉండిపోనాను. ఇంటికొచ్చేసరికి ఎనిమిదయిపోనాది. టీవీ మీద బొమ్మ నేదు, ఇది మూల కూకొని ఏడుత్తంది. దీని ఫోన్లోంచే నాను సేత్తే మీ నంబరు కలవనేదు. ఇది ఆ ఫోనే సూపిత్తంది, ఎవులో తిట్టినారని సైగ సేత్తంది. సెవులు ఇనపడవు గానీ బుగ్గకానించిన ఫోను అలా అదిరితే తిట్లని తెలిసిపోద్ది పాపా. నా కోడలికి గొంతు నేదు, ఉన్నంత మటుకు పిలిసినాది. ఏటని తిట్టినావు?"

నేను బాబాయ్ వైపు చూడలేకపోయాను.

ఈశ్వరి ముందుకొచ్చి తన ఫోన్ నాకు చూపించింది. మా నంబరుకి పంపిన మెసేజ్. ఏడు దాటి రెండు నిమిషాలకి పెట్టింది. చుట్టిల్లు రావడం లేదు, దయచేసి పెట్టండి, మా అత్త కూడా చూస్తుంది. తెలుగులోనే, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది. మా బటన్ల ఫోన్లో మెసేజ్‌ల పెట్టె ఎప్పుడో నిండిపోయింది. కొత్తవి లోపలికి రావు. దాన్ని ఖాళీ చెయ్యాలని నాకు ఏళ్ళ తరబడి తోచలేదు. మెసేజ్‌కి జవాబు రాలేదని ఆ పిల్ల ఫోన్ చేసిందట. ఎత్తినవాళ్ళు నంబరు చూసుకుని మెసేజ్ చదువుతారనుకుందట. బల్ల మీది కాగితం మీద రాసి చూపించింది. ఏం మాట్లాడాలో తెలియక, మనిషి ఉన్నట్టు తెలియాలని గొంతు చేసిందట.

రాత్రంతా నేను అసిరమ్మని అసహ్యించుకుంటూ పడుకున్నాను. ఆ అసహ్యం మొత్తం ఒక్కసారి నా మీదకి తిరిగింది. నా నోరు నాకే కంపు కొట్టింది. నోరు పడిపోవాలని నేను ఎవర్ని తిట్టానో తలుచుకుంటే ఇప్పటికీ నీళ్ళు పుక్కిలించాలనిపిస్తుంది.

బాబాయ్ పుస్తకం తీశాడు. శుక్రవారం పేజీ ఖాళీగా ఉంది. అంచున నా రాత ఉంది. ఆయన దాని మీద వేలు పెట్టాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే కాస్త ఊరట కలిగేది.

"మూడుపాల్లు ఫోన్ సేసినాది. మొన్న ఈ పేటంతా కలిసినా ఇంత గట్టిగా ఎవులూ అడగనేదమ్మా. మంచిపనన్నాను నాను" అన్నాడు.

అప్పుడు ఉదయ్‌కుమార్‌కి ఫోన్ చేశాడు. లెక్కలో పొరపాటయింది, ఒక ఇంటివాళ్ళు అడిగారు, మార్చమని అడిగాడు. స్పీకర్ పెట్టడం వల్ల మాకందరికీ వినబడింది. లాక్ అయిపోయింది సార్, పన్నెండు నెలలు ఏమీ చెయ్యలేం అన్నాడు. గంట కూడా కాలేదు కదా అంటే, సిస్టమ్ సార్ అన్నాడు. ఆపైన నవ్వు గొంతుతో, అయినా ఒక్క ఇంటి కోసమా సార్ అని అడిగాడు.

"ఒక్క ఇల్లని నాకెలా తెలుస్తాది బాబూ? ముప్పయ్యేళ్ళ నుండి ఫోన్ సేసినోళ్ళనే లెక్కెట్టినాను. సెయ్యనేనోళ్ళ టీవీలు ఎన్ని కోసీసినానో నాకు తెల్దు" అన్నాడు బాబాయ్.

అవతల ఆ అబ్బాయి సరే సార్, ఫీడ్‌బ్యాక్‌లో పెడతాను అని పెట్టేశాడు. బాబాయ్ సర్టిఫికెట్‌ను బోర్లా తిప్పాడు.

ఈశ్వరి మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. స్పీకర్‌లో ఏమన్నారో ఆమెకి తెలియదు. అత్త వైపు తిరిగి చేత్తో ఏదో అడిగింది. ఎప్పుడు వస్తుంది అని అడుగుతోందని నాక్కూడా అర్థమయింది. నేను పెన్ను అందుకుని, కాగితం దగ్గరికి లాక్కున్నాను. ఏమని రాయాలో తెలియకపోయినా రాసెయ్యాలనే తొందర. రాసేస్తే పని అయిపోతుంది, తల దించుకోవచ్చు.

అసిరమ్మ కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

"నువ్వు రాయొద్దు. నా కోడలికి నాను సెప్పుకుంటాను" అంది.

కోడలికి ఎదురుగా నిలబడి చేతులెత్తింది. వేళ్ళతో గాల్లో టీవీ గీసింది. లేదు అని చెయ్యి ఊపింది. ఈశ్వరి నుదురు ముడిచి, ఎందుకు అని అడిగింది. అసిరమ్మ సముద్రం చూపించింది. కాదని చెరిపేసింది. వాన చూపించింది. అదీ కాదు. కోపం చూపించింది, ఆకలి చూపించింది, అత్త గుర్తు మొదలుపెట్టి వదిలేసింది. ఆ పిల్ల ప్రతి మాటకీ తలూపుతూ, తరవాతి మాట కోసం ఆ చేతుల వైపే ఓపిగ్గా చూస్తోంది. వచ్చిన మాటలన్నీ అయిపోయాయి. అసిరమ్మ రెండు చేతులూ గాల్లోనే ఉంచి బాబాయ్ వైపు తిరిగింది.

"ఆ సీరియల్లో ఈ ముక్క ఇంకా నేర్పనేదు సాయిబూ" అంది.